విసనకర్ర నాగశివ

నాగశివకు ఆ పేరు పెట్టింది నేనే. ముందే ఒప్పేసుకుంటున్నాను. లేకపోతే సగం చెప్పాక ఎక్కడో సందు చూసుకుని తప్పుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

నా పేరు ఖాజా మొహిద్దీన్. రేపల్లెలో టైలర్ని. నలభై ఏడేళ్ళు వచ్చాయి, ఇప్పటికీ బ్యాటు సరిగ్గా పట్టుకోవడం రాదు. అయినా తెనాలి నుంచి కారంచేడు దాకా ఎక్కడ టెన్నిస్ బంతి క్రికెట్ టోర్నమెంటు పెట్టినా మైకులో కామెంట్రీ చెప్పడానికి నన్నే పిలుస్తారు. ఆట తెలుసని కాదు, నవ్విస్తానని. క్యాచ్ వదిలేసినవాడి మీద, పొట్ట మోసుకుంటూ పరిగెత్తేవాడి మీద, నో బాల్ చెప్పడం మర్చిపోయి బీడీ వెలిగించుకునే అంపైరు మీద నాలుగు మాటలు విసిరితే జనం ఈలలు వేస్తారు. ఆ ఈల చెవిన పడితే నాకిక పట్టపగ్గాలుండవు. "మైకు పట్టుకున్నారంటే మీ బుర్ర ఇంట్లో వదిలేసి వెళ్ళినట్టే" అంటుంది మా ఆవిడ మహమూదా. ఇరవై రెండేళ్ళుగా అంటోంది. ఒక్కసారి చెవిన పెట్టి ఉంటే ఇవాళ ఇది రాసుకునే పని ఉండేది కాదు.

నాగశివది నిజాంపట్నం హార్బరు పక్కన వేట చేసుకునే పల్లె. పదహారో ఏట సింగరయ్య గారి బోటు ఎక్కాడు. పన్నెండేళ్ళు వల లాగాడు. ఆ లాగుడుకి భుజాలు ఎట్లా తయారయ్యాయంటే, వాడి చొక్కాకి పట్టే గుడ్డలో మామూలు మనిషికి చొక్కా కుట్టి చేతిరుమాళ్ళు కూడా తీయొచ్చు. ఏటా ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా సముద్రంలో వేట నిషేధం. బోట్లన్నీ రేవులో కట్టేసి ఉంటాయి. మాకు ఆ రెండు నెలలే అసలు క్రికెట్ సీజను. సింగరయ్య గారు తన బోట్ల మీది కుర్రాళ్ళతో ఒక టీము కట్టారు. ఆ టీముకి నాగశివే ప్రాణం.

పోయినేడాది వాడు కొట్టిన సిక్సర్లు నలభై ఒకటి. ఊరికే గొప్పకు చెప్పడం లేదు, నా నోటుబుక్కులో ఉన్నాయి. కొలతలు రాసుకునే అలవాటు కదా, వాడు ఆడిన ప్రతి బంతీ రాసేవాణ్ణి. ఎక్కడ పడింది, ఎటు కొట్టాడు, ఎంత దూరం పోయింది. అందులో ముప్పైకి పైగా ఎడమవైపు కొట్టినవే. కాళ్ళ మీదికి బంతి వస్తే చాలు, నడుం తిప్పి లేపాడంటే పక్కనున్న రొయ్యల చెరువులో పడాల్సిందే. చెరువు కాపలా మనిషి మొదట్లో తిట్టేవాడు, తర్వాత తనే బంతులు ఏరి తెచ్చి ఇచ్చి ఆట చూస్తూ నిలబడేవాడు. నేను వాడి అభిమానిని. ఈ వయసులో ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది గాని, వాడు క్రీజులోకి వస్తుంటే నా గొంతు దానంతటదే పెద్దదయ్యేది.

ఈ ఏడాది వాడికి ఇంకో పెద్ద సంగతి ఉంది. సింగరయ్య గారు కొత్త బోటు కట్టిస్తున్నారు. నిషేధం తీరగానే జూన్ పదిహేనున అది నీళ్ళలోకి దిగుతుంది, దానికి నాగశివే డ్రైవరు అని మాట ఇచ్చారు. వల లాగేవాడు జీవితమంతా వల లాగుతూనే ఉండొచ్చు. స్టీరింగు ముందు నిలబడేవాడి మాట మీద తొమ్మిదిమంది సముద్రంలోకి పోతారు, ఆ మాట మీదే తిరిగొస్తారు. వాళ్ళ పల్లెలో నాగశివ తండ్రికి గాని, తాతకి గాని ఆ అవకాశం రాలేదు. "అన్నా, అది వచ్చిందంటే ఇక నాకు ఏం అక్కర్లేదు" అని నా షాపులో కూర్చుని చెప్పాడు. బోటు దిగే రోజున వేసుకోవడానికి చొక్కా కుట్టించుకోమని సింగరయ్య గారే గుడ్డ ఇచ్చి పంపారు.

అప్పుడు కొలతలు తీశాను. ఏప్రిల్ రెండో వారం. నిటారుగా నిలబడమంటే ముఖం ఎడమకి తిప్పి నిలబడ్డాడు.

"ఏంట్రా, ఫొటో దిగుతున్నావా? తిన్నగా నిలబడు" అన్నాను.

తిన్నగా నిలబడ్డాడు. టేపు మెడకి చుట్టేలోపు మళ్ళీ తల తిరిగింది. దానితోపాటు ఎడమ భుజం వెనక్కి పోయింది. పోయినేడాది కొలతలు తీసి చూశాను, భుజాలు రెండూ సమానంగా ఉన్నాయి. ఈసారి తేడా అరంగుళం. మనిషి ఎందుకిట్లా మారాడని వేరే ఎవడైనా అడిగి ఉండేవాడు. నేను టైలర్ని. ఒంటికి తగ్గట్టు గుడ్డ కత్తిరించడం నేర్చుకున్నవాణ్ణి గాని, ఒంటిని ప్రశ్నలడగడం నేర్చుకోలేదు. ఎడమ భుజం దగ్గర అరంగుళం సర్ది కత్తిరించాను. చొక్కా ఎక్కడా ముడత పడకుండా కూర్చుంది. "చూశావా మీ ఆయన పనితనం" అని మహమూదా దగ్గర గొప్పలు పోయాను కూడా, ఆమె తమ్ముడు కూడా టైలరే లెండి, వాడితో నాకు పోటీ.

సీజను తెనాల్లో మొదలైంది. మొదటి మ్యాచి, రెండో బంతి. కాళ్ళ మీదికి వచ్చింది, వాడి సొంత బంతి. నేను మైకులో "రొయ్యలూ, తప్పుకోండి" అని అరిచేశాను. బ్యాటు గాల్లో తిరిగింది. వెనకాల స్టంపు పడిపోయింది. సరే, ఎవరికైనా ఒక రోజు ఉంటుంది అనుకున్నాను. రెండో మ్యాచిలో అదే. కొల్లిపరలో మొదటి బంతికి అదే. నోటుబుక్కులో రాసుకుంటూ పోయాను. "బంతి రాకముందే ముఖమంతా బౌలరు వైపు తిప్పేస్తున్నాడు. ఛాతీ చూపిస్తూ నిలబడుతున్నాడు. ఎడమ పక్కకి వచ్చిన బంతి దాటిపోయాక ఊపుతున్నాడు." ఇవన్నీ నా చేతిరాతే. కారణం అని ఒక గీత గీసి దాని కింద రాశాను: "పొగరు. డ్రైవరు అవుతున్నానని తల ఎగరేస్తున్నాడు."

అభిమానికి వచ్చే కోపం శత్రువుకి కూడా రాదు. వాడు ఔటైనప్పుడల్లా నన్నే ఎవరో కొట్టినట్టు ఉండేది. వాణ్ణి ఆకాశానికి ఎత్తిన నోటితో ఏం చెప్పాలో తోచక ఎగతాళిలోకి దిగాను. కొల్లిపరలో మే నెల ఎండ. వాడు వరసగా నాలుగు బంతులు గాల్లో ఊపాడు, ఒక్కటీ తగల్లేదు. "ఎండగా ఉందని మన నాగశివ మనందరికీ గాలి విసురుతున్నాడండీ! విసనకర్ర నాగశివకి చప్పట్లు!" అన్నాను. జనం విరగబడి నవ్వారు. ఈలలు. నాకు ఒళ్ళు పులకరించింది. ఆ పేరు నాకంటే ముందే పక్క ఊళ్ళకి బస్సెక్కి పోయింది. కారంచేడులో వాడు బ్యాటింగుకి దిగేసరికి కుర్రాళ్ళు నలభై, యాభై మంది తాటాకు విసనకర్రలు తెచ్చుకుని ఊపారు. ఆ విసనకర్రల మధ్యలో నుంచి నడుచుకుంటూ వాడు క్రీజులోకి వెళ్ళాడు. సున్నాకి తిరిగొచ్చాడు. నేను మైకులో ఇంకో రెండు జోకులు వేశాను.

ఈపురుపాలెం మ్యాచికి ముందు నోటుబుక్కు తిరగేసి ఒక లెక్క తేల్చాను. తొమ్మిది మ్యాచిల్లో ఏడుసార్లు బౌల్డ్. ఏడూ లెగ్ స్టంపే, అంటే వాడికి ఎడమవైపున ఉండే కర్ర. ఇంత పెద్ద రహస్యం కనిపెట్టి మైకు ముందు కూర్చున్నవాడు నోరు మూసుకుంటాడా? "బౌలర్ బాబూ, ఎక్కువ కష్టపడకు. ఎడమవైపు వెయ్యి చాలు, మావాడికి ఆ పక్క లోకమే లేదు" అన్నాను. బౌలరు నా వైపు చూసి నవ్వి, అక్కడే వేశాడు. కర్ర పడింది.

మ్యాచి అయ్యాక నాగశివ నా దగ్గరికి వచ్చాడు. కోపంగా వస్తాడనుకుని నేను కూడా సిద్ధంగా ఉన్నాను. వాడు నా కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అన్నా, విసనకర్ర అను, ఏమన్నా అను. నేనేం అనుకోను. ఆ ఎడమవైపు మాట మాత్రం మైకులో ఎత్తొద్దన్నా."

"ఎందుకని? ఉన్నమాటే గదా?"

"ఉన్నమాటే. అందుకే అంటన్నా. జూన్ పదిహేను దాకా ఓర్చుకో అన్నా. నీకు దండం పెడతా."

నిజంగానే దండం పెట్టాడు. అప్పటికైనా నాకు వెలగాలి. జూన్ పదిహేనుకీ లెగ్ స్టంపుకీ సంబంధం ఏమిటని అడగాలి. నేనేమనుకున్నానంటే, సింగరయ్య గారి ముందు పరువు పోతుందని భయపడుతున్నాడు అనుకున్నాను. "సరేలేరా, ఎత్తను" అన్నాను. మాట ఇచ్చాను. ఇంటికొచ్చి మహమూదాకి చెబితే ఆమె రొట్టె తిప్పడం ఆపి, "ఎందుకని అడగలేదా మీరు?" అంది. "ఆటలో సంగతులు నీకేం తెలుసు" అన్నాను.

జూన్ ఏడున రేపల్లెలో ఫైనలు. మా ఊరు, మా జనం. షామియానా కింద కుర్చీలో ముఖ్య అతిథి సింగరయ్య గారు. ఆయన పక్కనే నా టేబులు, నా చేతిలో మైకు. నాగశివ మొదటి ఓవర్లోనే దిగాడు. మొదటి బంతి ఎడమవైపు వచ్చింది. ఔట్. గ్రౌండంతా "విసనకర్ర" అని అరుపులు. వాడు బ్యాటు చంకలో పెట్టుకుని తల వంచుకుని షామియానా వైపు నడిచి వస్తున్నాడు. జనం నా వైపు చూస్తున్నారు. నేనేదో అంటానని ఎదురుచూస్తున్నారు. మా ఊరి జనం ముందు ఊరుకుంటే నేను ఖాజా మొహిద్దీన్ని ఎట్లా అవుతాను?

టేబులు మీద ఆటగాళ్ళకి పంచే మజ్జిగ ప్యాకెట్లున్నాయి. వాడు నాకు ఆరడుగుల దూరంలో, ఎడమ పక్క నాకు చూపిస్తూ దాటుతున్నాడు. "ఎడమవైపు బంతి ఎట్లాగూ కనపడదు, ఇదన్నా పట్టుకోరా విసనకర్రా!" అని మైకులో అని, ఒక ప్యాకెట్టు వాడి మీదికి విసిరాను.

ప్యాకెట్టు వాడి ఎడమ కణతకి తగిలి పగిలింది. మజ్జిగ ముఖం మీదుగా కారింది. జనం పడి పడి నవ్వారు. నేనూ నవ్వాను. పక్కన సింగరయ్య గారు నవ్వలేదు. ఆయన కుర్చీలో నుంచి లేచారు.

"రెప్ప వెయ్యలేదు" అన్నారు. నాతోనో, తనలో తనో తెలియదు. "ముఖం మీదికి వస్తుంటే రెప్ప కూడా వెయ్యలేదేంటి?"

నాగశివ దగ్గరికి వెళ్ళి వాడి ఎడమ పక్కన నిలబడ్డారు. "తల తిప్పమాక. ముందుకే చూడు" అన్నారు. చెయ్యెత్తి వాడి ఎడమ కంటి పక్కన పెట్టారు. "ఎన్ని వేళ్ళురా?"

నా చేతిలో మైకు ఆన్‌లోనే ఉంది. వాళ్ళు నా టేబులు ముందే ఉన్నారు. ఆ ప్రశ్న గ్రౌండంతా వినపడింది. నవ్వులు తగ్గాయి. ఆపాలని నాకు తోచలేదు. బొత్తం నా బొటనవేలి కిందే ఉంది.

నాగశివ ముందుకే చూస్తూ నిలబడ్డాడు. గడ్డం మీద నుంచి మజ్జిగ కారుతోంది.

"రెండు, బాబాయ్" అన్నాడు.

సింగరయ్య గారు పిడికిలి బిగించి పట్టుకుని ఉన్నారు. ఒక్క వేలు కూడా చాపలేదు.

ఫిబ్రవరిలో జరిగిందట. వల లాగే మిషను మీద తాడు తెగి ఎడమ కంటికి కొట్టింది. రెండు రోజులు ఎర్రగా ఉండి తగ్గిపోయింది, ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత చూపు ఒక పక్క నుంచి మూసుకుంటూ వచ్చింది. కంటి సంగతి బయటపడితే డ్రైవరు పని పోతుంది. బోటు దిగి నాలుగు ట్రిప్పులు బాగా నడిపి చూపిస్తే తర్వాత ఎవరూ తీసెయ్యలేరులే అని వాడి ఆశ. ఆటకి రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు, అందుకని వచ్చాడు. ప్రతిసారీ కుడి కన్ను ముందుకి తేవడానికి ముఖం తిప్పుకుని నిలబడ్డాడు. నేను దానికి పొగరని పేరు పెట్టి పుస్తకంలో రాసుకున్నాను.

సింగరయ్య గారు చెడ్డవాడు కాదు. రెండు రోజులు అన్నం తినలేదని విన్నాను. "ఎడమవైపు నుంచి ఇంకో బోటు వస్తే ఎట్టారా? తొమ్మిదిమంది పెళ్ళాలకి నేనేం చెప్పాలి?" అని నాగశివని పట్టుకుని ఏడ్చారట. జూన్ పదిహేనున కొత్త బోటు వేరే డ్రైవరుతో వెళ్ళింది. నాగశివకి రేవులో వలలు బాగుచేసే పని ఇచ్చారు.

ఆ వారంలోనే వాడి భార్య రత్తాలు నా షాపుకి వచ్చింది. ఎండుచేపలు అమ్ముకోవడానికి రేపల్లె వస్తుంటుంది, ముఖపరిచయం ఉంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"అన్నయ్యా, తెనాల్లో కంటి డాక్టరు దగ్గరికి పోతన్నాం. ఎప్పటినుంచి కనపట్టంలేదో అడుగుతారంట. ఈయనేమో నోరిప్పడు. నాకు అనుమానంగానే ఉండేది. అన్నం తినేటప్పుడు ఎడమ పక్క నీళ్ళ గ్లాసు రోజూ తన్నేసేవాడు. తేదీలు నాకు గుర్తులేవు. నీ దగ్గర రాసి ఉన్నాయంట గదా, ఒకసారి రా" అంది.

ముగ్గురం రైలెక్కి తెనాలి వెళ్ళాం. దారి పొడుగునా నాగశివ కిటికీ పక్కన కూర్చుని బయటకి చూస్తూనే ఉన్నాడు. నేను ఎడమ పక్కన కూర్చున్నాను. కావాలనే కూర్చున్నాను, వాడికి కనపడకుండా ఉండొచ్చని. ఎంత నీచంగా ఆలోచిస్తాడో మనిషి, అప్పుడు కూడా.

డాక్టరు చాలాసేపు లైటు వేసి చూశాడు. కంటి వెనకాల పొర ఊడిపోయిందన్నాడు. ఎప్పటినుంచి ఇబ్బంది అని అడిగాడు. నేను నోటుబుక్కు తీసి ఇచ్చాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని తెనాలి మొదటి మ్యాచి నుంచి ఒక్కో పేజీ తిప్పాడు. ముఖం తిప్పడం, ఛాతీ చూపిస్తూ నిలబడటం, ఎడమవైపు బంతికి ఆలస్యం, అన్నీ చదివాడు.

"ఇవి ఎవరు రాశారు?"

"నేనేనండి."

"ఏప్రిల్లోనే ఇంత స్పష్టంగా రాశారు. నా అసిస్టెంట్లు కూడా ఇంత బాగా గమనించరు. అప్పుడే తీసుకొచ్చి ఉంటే పొరని అతికించి కొంతైనా చూపు నిలబెట్టడానికి వీలుండేది. ఎందుకు తీసుకురాలేదు?"

రత్తాలు నా వైపు చూసింది. నాగశివ చూడలేదు.

"నేను ఆట చూస్తున్నానండి" అన్నాను.

గుంటూరులో ఆపరేషను చేశారు. ఎడమ కంటికి ఇప్పుడు వెలుతురు, చీకటి తేడా మాత్రం తెలుస్తుంది.

ఊళ్ళోవాళ్ళు నన్ను ఓదార్చారు. "నీవల్లే గదా బయటపడింది, తొమ్మిదిమంది ప్రాణాలు కాపాడావు ఖాజా" అన్నారు. మొదటిసారి విన్నప్పుడు హాయిగా అనిపించింది, అబద్ధమెందుకు. రెండు మూడు రోజులు నేనే నలుగురికి చెప్పుకున్నాను. ఒకరోజు షాపులో ఎవరితోనో ఆ మాటే చెబుతుంటే వెనకనుంచి మహమూదా, "ప్యాకెట్టు విసిరేటప్పుడు ఆ తొమ్మిదిమందిలో ఒక్కడి పేరన్నా గుర్తొచ్చిందా మీకు?" అంది. నేను టేపు చుట్టి పక్కన పెట్టాను. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ అనలేదు.

ఆగస్టులో హార్బరుకి వెళ్ళాను. రేవు గట్టు మీద వల పరుచుకుని నాగశివ కూర్చుని ఉన్నాడు. తెగిన వల కన్నుల్లోకి దారం దూర్చి ముడులు వేస్తున్నాడు. ఒక్క కన్నుతో దారం దూరం అందక రెండుసార్లు తప్పి మూడోసారి దూరుస్తున్నాడు. సూది దారం నా వృత్తి, చూడలేకపోయాను. చుట్టుపక్కల ఎవరూ లేని సమయం చూసుకునే వెళ్ళాను. పక్కన కూర్చుని చెప్పాను. తప్పయిపోయిందిరా, మాట ఇచ్చి తప్పాను, క్షమించరా అన్నాను. ఏడుపు కూడా వచ్చింది.

వాడు చేతిలో ముడి పూర్తిచేశాడు.

"నువ్విక్కడ, ఎవరూ లేనప్పుడు చెప్తే ఎట్టా అన్నా?" అన్నాడు. కోపం లేదు గొంతులో. "అన్నది మైకులో గదా. మైకులోనే చెప్పు."

సరేనన్నాను. తర్వాత నాలుగు నెలలు ఏ టోర్నమెంటుకి పిలిచినా గొంతు బాగాలేదని చెప్పి తప్పించుకున్నాను. గొంతు బ్రహ్మాండంగా ఉంది. అంతమందిలో చెప్పడానికి చచ్చేంత సిగ్గు. వాణ్ణి అంతమందిలో అనడానికి లేని సిగ్గు నా పరువు దగ్గరికి వచ్చేసరికి ఎక్కణ్ణించి పుట్టుకొచ్చిందో.

డిసెంబరులో బాపట్ల టోర్నమెంటు పెట్టారు. వేటకి పోని రోజులు చూసుకుని సింగరయ్య గారి టీము వస్తోందని, వాళ్ళతో నాగశివ కూడా వస్తున్నాడని తెలిసింది. చెరుకుపల్లి మీదుగా బస్సులో వెళ్ళాను. దారంతా మాటలు కూడగట్టుకున్నాను. నేను మైకు ముందుకి రాగానే జనం ఈలలు వేశారు, ఆర్నెల్ల తర్వాత కదా కనపడటం. నాగశివ బౌండరీ తాడు పక్కన ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. మొదటి ఓవరు అయిపోయింది. ఇప్పుడు కాకపోతే ఇక చెప్పలేననిపించింది.

"అందరికీ ఒక మాట చెప్పాలండి" అన్నాను. "పోయిన సీజనులో నాగశివకి నేను అన్యాయం చేశాను. విసనకర్ర అని పేరు పెట్టి..."

గ్రౌండంతా గొల్లుమంది.

నాకు అర్థం కాలేదు. వాళ్ళంతా జోకు కోసం ఎదురుచూస్తున్నారు. నా గొంతు మైకులో వినపడిందంటే నవ్వాలని వాళ్ళకి ఇన్నేళ్ళుగా నేర్పింది నేనే. "నవ్వకండి, నేను నిజంగా చెబుతున్నాను, వాడికి కన్ను పోయింది, నాకు తెలిసి ఉండాల్సింది" అన్నాను. ఇంకా నవ్వారు. ఎవడో "సూపర్ సాయిబూ" అని కేక పెట్టాడు. నా గొంతు వణికితే దానికి కూడా చప్పట్లు కొట్టారు. ఎంత బతిమాలితే అంత బాగా నటిస్తున్నాడనుకున్నారు.

నాగశివ లేచాడు. తాడు దాటి నా టేబులు దగ్గరికి నడిచి వచ్చాడు. వెళ్ళిపోతాడేమో అనుకున్నాను, ఒక దెబ్బ వేస్తే కూడా బాగుండు అనుకున్నాను. మైకు కోసం చెయ్యి చాచాడు. దూరం అందక వాడి చెయ్యి మైకుకి జానెడు ఇవతలే గాల్లో మూసుకుంది. దానికి కూడా జనం నవ్వారు. రెండోసారికి దొరికింది.

"నవ్వొద్దండి" అన్నాడు మైకులో. "అన్న నిజంగానే చెప్తన్నాడు."

అప్పుడు ఆగింది నవ్వు. వాడు మైకు నా చేతిలో పెట్టి, "ఇప్పుడు చెప్పన్నా, వింటారు" అని పక్కనే నిలబడ్డాడు.